పిల్లిగారి పుట్టువెంట్రుకలు

ఆ రోజుల్లో పిల్లికి తల దువ్వి జీతం తీసుకునే ఉద్యోగం ఒకటి ఉంటుందని చెబితే మా గుండుగొలనులో వారం రోజులు నవ్వుకునేవారు. పిల్లి అంటే ధాన్యం బస్తాల దగ్గర ఎలకల్ని పట్టడానికి, కుక్క అంటే కళ్ళంలో పడుకుని కొత్తవాళ్ళని చూసి మొరగడానికి. వాటి ఒళ్ళు అవే నాక్కుంటాయి, వాటి గోళ్ళు అవే గీక్కుంటాయి, మధ్యలో మనకేం పని అనుకునే కాలం. (అదేదో మా తాతల కాలం అనుకునేరు, పట్టుమని పదేళ్ళు కూడా కాలేదు.) అలాంటి సమయంలో నేను బీఎస్సీ పూర్తిచేసి, రెండు పోటీ పరీక్షలు రాసి, ఆ రెండు ఫలితాల్లోనూ నా నంబరు తప్ప నా చుట్టుపక్కల నంబర్లన్నీ చూసుకుని, చివరికి తాడేపల్లిగూడెంలో కొత్తగా తెరిచిన కుక్కల, పిల్లుల ఆసుపత్రిలో సహాయకురాలిగా చేరాను. మా అమ్మ వీధిలో "అమ్మాయి గూడెంలో ఆసుపత్రిలో చేస్తోందండి" అని అక్కడితో ఆపేసేది. మా అమ్మ అబద్ధమాడే మనిషి కాదు, నిజంలో సగం దాచుకుంటుంది, అంతే. దాని ఫలితంగా ఆదివారం పొద్దున్నే మా అరుగు మీద ఇద్దరు ముగ్గురు మోకాళ్ళ నొప్పులవాళ్ళు కూర్చుని ఉండేవారు. నేను ముఖం గంభీరంగా పెట్టి "వేడినీళ్ళ కాపడం పెట్టుకోండి, బరువు తగ్గండి" అని చెప్పేదాన్ని. (ఆ మాట మా డాక్టరు గారు ఒక ముసలి లాబ్రడార్ కుక్క గురించి చెబుతుండగా విన్నాను. ఇద్దరికి తగ్గిందన్నారు.)

మా డాక్టరు గారిని అందరూ మేడమ్ అనేవాళ్ళం. పొద్దున్న పూట కుక్కల్నీ పిల్లుల్నీ చూసి, మధ్యాహ్నం అయ్యేసరికి రబ్బరు బూట్లు వేసుకుని ఏదో ఊళ్ళో గేదె ఈనడానికి వెళ్ళిపోయేవారు. ఆవిడ దగ్గర నెల రోజుల్లో నేను చాలా నేర్చుకున్నాను. గోరు తీసేటప్పుడు లోపలి గులాబీరంగు దాకా పోకూడదు, చెవి తుడిచేటప్పుడు దూదితో కంటికి కనిపించినంత మేరకే తుడవాలి, నులిపురుగుల మందు మూడు నెలలకోసారి, టీకా ఏడాదికోసారి పుస్తకంలో రాసి వెయ్యాలి, పొడుగు జుట్టున్న పిల్లిని రోజూ దువ్వాలి, ఉండలు కట్టిన జుట్టుని దువ్వకుండా స్నానం చేయిస్తే ఆ ఉండలు ఇంకా బిగుసుకుంటాయి. ఇవన్నీ నేర్చుకున్నాక ఇక నేర్చుకోవలసింది లేదన్న నమ్మకం కూడా నాకు కుదిరింది. బస్సులో పక్కన కూర్చున్నావిడ ఊరికే "మా ఇంట్లోనూ కుక్క ఉందమ్మా" అన్న పాపానికి నులిపురుగుల రకాలన్నీ ఆవిడకి వివరించాను. గూడెం దాకా టిక్కెట్టు తీసుకున్న మనిషి, భీమడోలులోనే దిగిపోయింది. ఇంత చదువుకున్న నన్ను మేడమ్ ఒక్క విషయంలో మాత్రం నమ్మలేదు. "పిల్లి చర్మం కాగితంలా ఉంటుందమ్మా, నేను పక్కన లేకుండా దాని మీద జుట్టు తీసే మిషను పెట్టకు" అని చేరిన రోజే చెప్పారు. నాకది కొంచెం అవమానంగానే ఉండేది.

మా దగ్గరికి వచ్చే పిల్లుల్లో దొర ఎవరంటే బాబీ. పర్షియన్ పిల్లి. తెల్లటి జుట్టు, చదును ముక్కు, ఎవరో తన కుర్చీలో కూర్చున్నట్టు చూసే చూపు. వాడి మనిషి డెబ్భై దాటిన మామ్మగారు. కొడుకులు ఊరవతల వరి చేలు చూసుకుంటారు, మనవడు చదువు కోసం హాస్టలుకి వెళుతూ ఈ పిల్లిని ఆవిడ ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయాడు. మామ్మగారికి గొంతు పెంచడం తెలియదు, కోపం వస్తే ఇంకా మెల్లగా మాట్లాడతారు. పదిహేను రోజులకోసారి బుట్టలో బాబీని పెట్టుకుని, బుట్ట మీద జరీ అంచు తువ్వాలు కప్పుకుని వచ్చేవారు. ఈలోగా వాడి జుట్టు చంకల్లోనూ, పొట్ట కిందా, చెవుల వెనకా ఉండలు కట్టి, ఆ ఉండలు ఒకదానికొకటి అతుక్కుని అట్టలు కట్టేసి ఉండేది.

"దువ్వు తల్లీ, ఎంతసేపైనా దువ్వు. కత్తెర మటుకు పెట్టకు" అనేవారు మామ్మగారు.

"దువ్వెన దిగట్లేదండీ మామ్మగారూ. అట్ట కింద గాలాడక చర్మం పాడైపోతుందండి. తీసేస్తే హాయిగా ఉంటాడు."

"మెల్లిగా దువ్వమ్మా. తొందరేముంది, నేను కూర్చుంటానుగా."

ఇలా మూడుసార్లు జరిగింది. మూడుసార్లూ నేను ఆవిడకి చర్మవ్యాధుల మీద ఉపన్యాసం ఇచ్చాను, ఆవిడ మూడుసార్లూ తల ఊపి "కత్తెర వద్దమ్మా" అన్నారు. ఎందుకండీ అని ఒక్క మాట నేను అడగలేదు. పెద్దవాళ్ళ చాదస్తానికి కారణం ఉంటుందని ఇరవై రెండేళ్ళ వయసులో ఎవరనుకుంటారు?

బాబీ జుట్టు మీద ఆశ పెట్టుకున్నవాడు ఇంకొకాయన ఉన్నాడు. ఉంగుటూరు రైతు. మేమంతా ఆయన్ని ఎలకల బాబాయి అనేవాళ్ళం, ఎందుకంటే ఆయన నోరు తెరిస్తే ఎలకల మాటే. వరి పొట్ట మీదకొచ్చి కంకి వెయ్యబోయే రోజుల్లో ఎలకలు దుబ్బులు దుబ్బులు కొరికేస్తాయి. దానికి మావైపు మంగలి షాపుల నుంచి జుట్టు తెచ్చి గట్ల మీద కన్నాల దగ్గర పెట్టేవారున్నారు. బాబాయి అదీ చేశాడు. "మనుషుల జుట్టుకి అలవాటు పడిపోయేయండి, ఇప్పుడు లెక్కచెయ్యట్లేదండి" అని వాపోయి, కుక్క జుట్టు, పిల్లి జుట్టు అయితే ఆ వాసనకి ఎలక గడప దాటదని తనంతట తనే కనిపెట్టి, బుధవారం బుధవారం మోపెడ్ మీద వచ్చి మా చెత్త సంచి పట్టుకెళ్ళేవాడు. కుక్క జుట్టు బోలెడు దొరికేది. పిల్లి జుట్టు మాత్రం దువ్వెనకి వచ్చిన పిసరంత. అందుకని బాబీ వచ్చిన రోజున బల్ల పక్కన నిలబడి, కోతకొచ్చిన చేనుని చూసినట్టు వాడిని చూసేవాడు. "పిల్లిగారు ఎప్పుడు తీయించుకుంటారండి?" అని నన్ను అడిగేవాడు.

ఆ రోజు బుధవారం. రెండో పంట దాళ్వా వరి పొట్ట మీద ఉంది, ఎండ ముదురుతోంది. మేడమ్ పక్క ఊళ్ళో గేదెకి ఈత కష్టమైందని బూట్లు వేసుకుని వెళ్ళిపోయారు. మామ్మగారు బాబీని నాకప్పగించి, "ఉల్లిపాయలు కొనుక్కొచ్చేస్తానమ్మా, ఈలోగా గోళ్ళు తీసి, చెవులు తుడిచి, దువ్వి ఉంచు" అని చెప్పి మార్కెట్టుకి వెళ్ళారు. గోళ్ళు తీశాను, చెవులు తుడిచాను. దువ్వడానికి ముందరి కాలు ఎత్తేసరికి చంకలో అట్ట కింద చర్మం ఎర్రగా కందిపోయి ఉంది. దువ్వెన పెట్టగానే బాబీ ఒక్క కేక పెట్టాడు. నాకు జాలి వేసింది, నిజం. కానీ ఆ జాలితో పాటే, మేడమ్ వచ్చేసరికి నా పనితనం చూపించాలన్న సరదా కూడా పుట్టింది. మిషను తీశాను. ఆ ఒక్క అట్టే తీద్దామనుకున్నాను. తీశాక ఒక పక్క బోడిగా, ఒక పక్క గుబురుగా ఉంది, సరిచేద్దామని రెండో పక్క తీశాను. రెండో పక్క కొంచెం ఎక్కువ పోయింది, మళ్ళీ మొదటి పక్కకి వచ్చాను. మీసం సరిచేసుకుంటూ సరిచేసుకుంటూ మీసమే లేకుండా చేసుకున్నవాళ్ళని మీరు చూసే ఉంటారు. ముప్పావుగంటకి బాబీ తల, తోక చివర కుచ్చు, నాలుగు కాళ్ళకి నాలుగు మేజోళ్ళు మిగిలాయి. మధ్యలో ఉన్నది ఈకలు పీకిన కోడి. ఒంటి మీద గీత కూడా పడలేదని నేను మురిసిపోయాను. బాబీ మాత్రం తన వీపు వైపు ఒకసారి చూసుకుని, అది ఎవరిదో అనుకున్నట్టు తల తిప్పేసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే ఎలకల బాబాయి వచ్చాడు. బల్ల మీద తెల్లటి అట్టలు దొంతర్లుగా ఉండటం చూసి ఆయన కళ్ళు చెమర్చాయంటే నమ్మండి. "ఆయ్, ఇన్నాళ్ళకి దయ తలిచేరండి పిల్లిగారు" అని బాబీకి నమస్కారం పెట్టినంత పనిచేసి, ఆ జుట్టంతా తన చేత్తోనే ఎత్తి, ఆ వారం తీసిన పొమేరియన్ జుట్టు, లాబ్రడార్ జుట్టు ఉన్న సంచిలో వేసుకుని మోపెడ్ ఎక్కాడు. గది శుభ్రం చేసే పని కూడా తప్పిందని నేను సంతోషించాను.

ఆయన వెళ్ళిన అరగంటకి మామ్మగారు వచ్చారు. బుట్టలోకి చూశారు. నేను మెప్పు కోసం నిలబడి ఉన్నాను.

"జుట్టేదమ్మా?" అన్నారు.

"తీసేశానండి. చంక ఎలా కందిపోయిందో చూడండి. పది రోజుల్లో మానిపోతుంది. ఎంత హాయిగా ఉన్నాడో ఇప్పుడు."

"అది సరేనమ్మా. తీసింది ఎక్కడ పెట్టేవు?"

ఆ ప్రశ్న నాకు అర్థం కాలేదు. తీసిన జుట్టుని ఎక్కడ పెడతారు? చెప్పాను. మామ్మగారు ఉల్లిపాయల సంచి కింద పెట్టి, కుర్చీలో కూర్చుని, ఇంకా మెల్లగా మాట్లాడటం మొదలుపెట్టారు. బాబీ చిన్నప్పుడు, ఇంటికి వచ్చిన నెలకే, జబ్బు చేసి అయిదు రోజులు ఏమీ ముట్టలేదట. వాంతులు, విరేచనాలు. బతకడని చెప్పేశారట. ఆ రాత్రి ఆవిడ చిన్న తిరుపతి వెంకన్నకి మొక్కుకున్నారట, వీడు లేచి తిరిగితే వీడి పుట్టువెంట్రుకలు నీ కొండకే తెచ్చి ఇస్తానని. తెల్లారేసరికి లేచి పాలు తాగాడట.

"మా ఇంట్లో పుట్టిన ప్రతి పిల్లకీ అక్కడే తీయించేనమ్మా. ఒక్క మొక్కు బాకీ పడలేదు. నాకేం ఫర్వాలేదు, నువ్వేం బాధపడకు. ఆయనకి ఏం చెప్పుకోవాలో అది మటుకు నువ్వే చెప్పు. ఎలకల కన్నాల్లో పెట్టించేనని చెప్పనా?"

ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. నా ఉద్యోగం పోతుందన్న భయం ఒక పక్క ఉంది, లేదని చెప్పను. కానీ ఆవిడ బాబీ బోడి వీపు మీద తువ్వాలు కప్పి మళ్ళీ మళ్ళీ సర్దుతూ ఉండటం చూస్తే, ఆ పిల్లికి ఇప్పుడు ఏమైనా అయితే అది తన మొక్కు తప్పినందుకేనని ఈవిడ బతికినంత కాలం అనుకుంటారని నాకు తట్టింది. నేను చదివిన బీఎస్సీలో దానికి మందు లేదు. బాబాయికి ఫోన్ చేశాను. ఆయన భార్య ఎత్తి, "ఫోను ఇంట్లో పెట్టేసి చేలోకి వెళ్ళిపోయేరండి. ఇవాళ మంచి సరుకు దొరికిందని అన్నం కూడా తినలేదండి" అంది. ఆసుపత్రికి తాళం వేసి ఆటో పిలిచాను. మామ్మగారు బుట్ట పట్టుకుని నా వెనకే బయలుదేరారు. మీరెందుకండీ ఎండలో అంటే, "కుక్కజుట్టు కలిసిందన్నావుగా. మావాడిది నువ్వు పోల్చగలవా?" అన్నారు.

ఆటో అబ్బాయి అద్దంలోంచి బుట్టకేసి చూసి చూసి, నందమూరు దాటాక ఇక ఆగలేక అడిగాడు. "ఏమనుకోకండి మామ్మగారూ, అది కుందేలాండి?"

"పిల్లి బాబూ."

కొంత దూరం పోయాక, "జ్వరమొచ్చి తగ్గిందాండి?" అన్నాడు. మామ్మగారు నాకేసి చూశారు. నేను రోడ్డు పక్క కాలవ చూస్తూ కూర్చున్నాను.

మేం వెళ్ళేసరికి బాబాయి చేను చుట్టూ ఒక ప్రదక్షిణం పూర్తిచేసి, ఖాళీ సంచి భుజాన వేసుకుని గట్టు మీద తృప్తిగా నిలబడి ఉన్నాడు. రెండెకరాల చేను. కన్నం కన్నానికీ ఒక పిడికెడు. విషయం చెప్పగానే ఆయన మొహం చిన్నబోయింది. దేవుడి సొమ్ము అనగానే లెంపలు వేసుకున్నాడు గానీ, ఆ వెంటనే, "అయితే ఆ ఈశాన్యం మూల కన్నం దగ్గరది మటుకు ఉంచేద్దామండి, అక్కడ పందికొక్కుందండి" అని బేరం పెట్టాడు. మామ్మగారు కాలవ గట్టు మీద తువ్వాలు పరుచుకుని, ఒళ్ళో బుట్ట పెట్టుకుని, బాబీ ఒంటికి ఎండ తగలకుండా గొడుగు పట్టుకుని కూర్చున్నారు. బాబాయి బుట్టలోకి తొంగిచూసి, "మొత్తం తీసేసేరాండి?" అన్నాడు నాతో, పరామర్శకి వచ్చినట్టు.

ఇక నేను చెప్పులు విప్పి, చుడీదారు మోకాళ్ళ దాకా మడిచి, బురద గట్ల మీద పడ్డాను. ప్రతి కన్నం దగ్గరా వంగి, ఉన్నదంతా తీసి, మామ్మగారి దగ్గరికి తెచ్చి చూపించడం. ఆవిడ ఒక్కొక్క పాయ చెంపకి ఆనించుకుని, "ఇది కాదమ్మా, ముతకగా ఉంది", "ఇది మావాడిదే" అని వేరు చెయ్యడం. లాబ్రడార్ జుట్టు గోధుమరంగు కాబట్టి దానితో పేచీ లేదు. చిక్కంతా పొమేరియన్‌తో వచ్చింది, అదీ తెలుపే. ఆవిడకి అనుమానం వచ్చిన పాయని బాబీ ముక్కు దగ్గర పెట్టేవారు. కుక్కదైతే వాడు చెవులు వెనక్కి వాల్చి బుస్సుమనేవాడు. తనదైతే ముందరి కాళ్ళతో లాక్కుని దాని మీద పడుకునేవాడు, పోయిన ఆస్తి తిరిగొచ్చినట్టు. (నేను ఆ తరవాత చాలా పరీక్షలు చూశాను, ఇంత కచ్చితమైనది చూడలేదు.) మధ్యలో ఒక ఎలక దుబ్బుల్లోంచి గట్టు మీదకొచ్చి అటూ ఇటూ చూసింది. బాబీ బుట్టలోంచి ఒక్క గెంతులో మామ్మగారి భుజమెక్కి, మెడ చుట్టూ చుట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"జుట్టుతో పాటు ధైర్యం కూడా తీసేసేరాండి?" అన్నాడు బాబాయి.

పది కన్నాలు అయ్యాయి. పదకొండోది ఆ పందికొక్కు మూల. అక్కడ బయట ఏమీ లేదు. ఇక్కడ అన్నిటికంటే ఎక్కువ పెట్టేనండి, మంచి పెద్ద అట్ట పెట్టేనండి అని బాబాయి ప్రమాణం చేశాడు. కన్నం అంచున రెండు తెల్ల పోగులు మాత్రం లోపలికి పోతూ కనిపించాయి. బాబాయి పార తెచ్చి మెల్లిగా గట్టు తవ్వాడు. మూరెడు లోపల గూడు బయటపడింది. పందికొక్కు ఏ పక్క కన్నంలోంచి పారిపోయిందో పోయింది, దాని పిల్లలు నాలుగో అయిదో, కళ్ళు తెరవనివి, ఎర్రగా, బొటనవేలంత ఉన్నాయి. వాటి కింద పరుపు. ఆ పరుపులో కిందటి వారం పొమేరియన్ ఉంది, అంతకు ముందు వారం లాబ్రడార్ ఉంది, పైన మెత్తగా, తాజాగా మా బాబీ ఉన్నాడు. ఇన్నాళ్ళూ తాను పందికొక్కుని భయపెడుతున్నానా, దానికి సారె పంపుతున్నానా అన్నది బాబాయికి అప్పుడు తెలిసింది. పార మీద గెడ్డం ఆనించి ఆ పరుపుకేసి చూస్తూ నిలబడ్డాడు.

నేను పాపం తొందరపడి గూట్లోకి చెయ్యి పెట్టబోయాను. మామ్మగారు ఎప్పుడు లేచి వచ్చారో, నా వెనకే ఉన్నారు, మెడ చుట్టూ బాబీతో సహా.

"ఉండనీ అమ్మా. పిల్లలున్నాయి."

"ఇందులోనే ఎక్కువ ఉందండీ మామ్మగారూ."

"ఉండనీ. కొంత పురిటింట్లో వాడేరని ఆయనకి చెప్పుకుంటాను. ఆయనకీ పిల్లలు తెలుసు."

బాబాయి ఆవిడకేసి ఒకసారి, పొట్ట మీదున్న తన వరికేసి ఒకసారి చూసి, మట్టి మెల్లిగా కప్పేశాడు. "రేపు చూసుకుంటానండి" అన్నాడు. ఆ రేపు ఏం చూసుకున్నాడో నేను అడగలేదు, రైతు కష్టం రైతుది. మొత్తం మీద మామ్మగారి తువ్వాల్లో గుప్పెడున్నర జుట్టు పోగయింది. ఆవిడ దాన్ని మూటకట్టి నడుముకి దోపుకున్నాక, నా మోకాళ్ళ కింద బురద ఆరి పగులుతుండగా, ఇన్నాళ్ళూ అడగని ఆ ఒక్క మాటా అడిగాను.

"మరి ఇంతకాలం ఎందుకు ఆగేరండీ? మొక్కుకుని రెండేళ్ళయిందిగా. ముందే తీయించేస్తే ఉండలు కట్టేవే కాదు."

మామ్మగారు నాకేసి ఆశ్చర్యంగా చూశారు. ఇంత చదువుకున్నదానికి ఇది తెలియదా అన్నట్టు. "పుట్టువెంట్రుకలకి మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలి కదమ్మా. మొదటి కత్తెర మేనమామే వెయ్యాలి. వీడికి మేనమామ ఏడీ? మావాళ్ళనడిగితే నవ్వేరు. మంగలిని అడిగితే పిల్లికి నేను పెట్టనండి అన్నాడు. ఎవరిని పిలవాలో తోచకే ఆగిపోయేను."

నాకు నవ్వు ఆగలేదు, ఏడుపూ ఆగలేదు, రెండూ కలిసి వచ్చాయి. ఆవిడ నవ్వలేదు. కాసేపు ఆలోచించి, "పోనీలే, అదీ తేలిపోయింది. ఒళ్ళో కూర్చోబెట్టుకుని తీసేవా?" అని అడిగారు.

"బల్ల మీద కుదురుగా నిలబడకపోతే... ఒళ్ళోనే పెట్టుకున్నానండి."

"అయితే సరిపోయింది. శనివారం పొద్దున్నే తలస్నానం చేసి వచ్చెయ్యి."

మేం తిరిగి వెళ్ళేసరికి ఆసుపత్రి తలుపు ముందు మేడమ్ నిలబడి ఉన్నారు, బూట్ల నిండా పేడ, చేతిలో తాళం చెవి లేదు. (ఉన్న రెండు తాళం చెవులూ నా సంచిలోనే ఉన్నాయి.) నా బురద కాళ్ళు చూశారు, బాబీని చూశారు. నేను నోరు తెరిచేలోగా మామ్మగారు ముందుకొచ్చి, "మీ అమ్మాయిని నేనే తీసుకెళ్ళేనండీ. మావాడికి మేనమామ అవసరం పడింది" అన్నారు. మేడమ్ తలుపు తీయించి, బాబీని బల్ల మీద పెట్టుకుని, చంకలు, పొట్ట, చెవుల వెనకా వేలితో తడుముతూ చూశారు. కందిన చోట మందు రాశారు. మామ్మగారు వెళ్ళాక నన్ను పిలిచి, "తియ్యడం మంచిదే. అట్టలు ఇంకో నెలుంటే పుండ్లయ్యేవి. కానీ మనం ముట్టుకునేది జంతువుని ఒక్కదాన్నే కాదమ్మా. నాకు చెప్పకుండా మిషను పట్టుకున్నందుకు నెల రోజులు నీకు గోళ్ళూ చెవులే" అన్నారు. ఉద్యోగం నిలబడినందుకు ఆ రోజు బస్సులో గుండుగొలను దాకా నవ్వుకుంటూనే వచ్చాను.

శనివారం అద్దె కారులో చిన్న తిరుపతి వెళ్ళాం. కొండ కింద చెట్టు నీడలో బాబీని ఒళ్ళో పెట్టుకుని నేను కూర్చున్నాను. మామ్మగారు నా చేత బాబీ తోక కుచ్చులోంచి మూడు పోగులు కత్తిరింపించి, వాటిని మూటలో కలిపి, మోకాలు పట్టుకుంటూ మెట్లెక్కి వెళ్ళారు. గంట తరవాత దిగి వచ్చి నాకు జాకెట్టు గుడ్డ, తమలపాకులు, అరటిపళ్ళు పెట్టారు. ఏమని చెప్పుకున్నారండీ అని అడిగాను. "ఉన్నదున్నట్టే చెప్పేనమ్మా. కుక్కది ఓ పోగు కలిసి ఉంటే చూసీ చూడనట్టు పొమ్మన్నాను" అన్నారు. తిరిగొచ్చేటప్పుడు ఆవిడ కారులో నిద్రపోయారు. అన్నాళ్ళలో ఆవిడ అంత నిశ్చింతగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

అయిదారు నెలలకి బాబీ జుట్టు మళ్ళీ గుబురుగా పెరిగింది, మళ్ళీ చంకల్లో ఉండలు కట్టింది. ఈసారి మామ్మగారు బుట్ట నా ముందు పెట్టి, "పుట్టువెంట్రుకలు అయిపోయేయిగా, ఇక నీ ఇష్టమమ్మా. కత్తెర పెట్టుకో, మిషను పెట్టుకో" అన్నారు. పక్కన మేడమ్ కూడా ఉన్నారు, మిషను తీసుకోమని కళ్ళతో చెప్పారు. తీసుకున్నాను. బాబీని ఒళ్ళో పెట్టుకున్నాను. తీరా చూస్తే నా చెయ్యి రాలేదు. మిషను పక్కన పెట్టి, దువ్వెన తీసుకుని, ఒక్కొక్క ఉండని వేళ్ళతో విడదీసుకుంటూ, పాయ పాయకీ ఆగుతూ, రెండు గంటలు దువ్వాను. మామ్మగారు కుర్చీలో కునికిపాట్లు పడుతూ మధ్యలో కళ్ళు తెరిచి "తొందరేముందమ్మా" అనేవారు. మొదట్లో ఆ మాటకి నేను లోపల్లోపల విసుక్కునేదాన్ని. ఇవాళ ఏలూరులో నాకు నా సొంత దుకాణం ఉంది, చేతికింద ఇద్దరున్నారు, వాళ్ళు ముప్పావుగంటలో ముగించే పనికి నాకు ఇప్పటికీ రెండు గంటలు పడుతుంది. వాళ్ళు వెనక నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోనివ్వండి, ఆ నవ్వు నేనూ ఎరుగుదును.